సంతకానికి ముందే



పొద్దుగూకిందంటే మన ఇళ్లల్లో లైట్లన్నీ ఒక్కసారే వెలుగుతాయి. ఫ్యాన్లు తిరుగుతాయి. టీవీలు మోగుతాయి. సరిగ్గా ఆ వేళకే సోలార్ పలకలు పని మానేస్తాయి. మరి అప్పుడు కరెంటు ఎక్కడి నుంచి రావాలి?

ఈ ప్రశ్నకు ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న జవాబు పంప్డ్ స్టోరేజీ. కొండ మీద ఒక జలాశయం, కొండ కింద ఒక జలాశయం కడతారు. మధ్యాహ్నం ఎండ దండిగా ఉన్నప్పుడు, చౌకగా దొరికే కరెంటుతో కింది నీళ్లు పైకి తోడతారు. సాయంత్రానికి ఆ నీళ్లే కిందికి వదిలి కరెంటు తీస్తారు. పాత కర్నూలు జిల్లాలోని పిన్నాపురం పేరు మీరు ఈ సందర్భంలోనే విని ఉంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెదకోట, పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస పేర్లు కూడా కొన్నేళ్లుగా వార్తల్లో ఉన్నాయి. అక్కడి గిరిజనులు ఊరేగింపులు తీశారు, కలెక్టరేటుకు వచ్చి అర్జీలు పెట్టారు.

నీటి కరెంటు వద్దని చెప్పడానికి నేను ఈ మైకు ముందుకు రాలేదు. బొగ్గు పొగ తగ్గాలంటే, ఎండ కరెంటును రాత్రికి దాచుకోవాలంటే, ఇలాంటివి కొన్ని కావాలి. నేను మాట్లాడదలచుకున్నది ఒక్క విషయం. ఈ ప్రాజెక్టులకు అనుమతి ఎలా ఇస్తున్నారు? ఎవరికి ఎప్పుడు చెబుతున్నారు? ఆ కొండను, ఆ నీళ్లను ఒక కంపెనీకి అప్పగించే కాగితం మీద సంతకం పడేనాటికి, అక్కడ ఉండే మనిషికి ఆ సంగతి తెలుసా?

కాస్త వెనక్కి వెళదాం. మన తెలుగు ప్రాంతానికి నీటి కరెంటు తెచ్చిన తొలి పెద్ద ప్రాజెక్టుల్లో మాచ్‌ఖండ్ ఒకటి. ఒడిశా సరిహద్దులో, కొండల నడుమ, 1955లో మొదలైంది. పైన జలాపుట్ జలాశయం కట్టారు. దాని కింద ఊళ్లు మునిగాయి. ఆ కరెంటు విశాఖకు వచ్చింది, ఉత్తరాంధ్ర ఊళ్లకు వచ్చింది. మునిగే ఊళ్లవాళ్లను ముందుగా అడగాలన్న చట్టం మాత్రం ఆనాడు లేదు. అడగలేదు.

ఆ చట్టం రావడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1997లో కేంద్రం ప్రజాభిప్రాయ సేకరణను తప్పనిసరి చేసింది. 2006లో దాని పద్ధతిని వివరంగా రాసింది. ఆ పద్ధతి ఏమిటో మీకు కాస్త దగ్గరగా చూపిస్తాను. ఎందుకంటే దీన్ని చదివినవాళ్లు తక్కువ. అందులో ఉన్న హక్కులు తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

ముందుగా కంపెనీ ఒక నివేదిక తయారు చేయించాలి. ప్రాజెక్టు వల్ల అడవికి, నీటికి, మనుషులకు ఏమవుతుందో అందులో రాయాలి. ఆ నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, ఇంకా కొన్ని ఆఫీసుల్లో ఎవరైనా వచ్చి చూసుకునేలా పెట్టాలి. సభ ఎప్పుడో, ఎక్కడో పేపర్లో ప్రకటించాలి. ప్రకటనకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఆ నెల రోజుల్లో మీరు కాగితం మీద రాసి పంపే అభ్యంతరం కూడా లెక్కలోకి రావాలి.

ఇక సభ రోజు. టెంటు వేస్తారు. వేదిక మీద కలెక్టరుగానీ, ఆ తరువాతి స్థాయి అధికారిగానీ ఉంటారు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఉంటారు. కంపెనీ తరఫున ఒకరు లేచి, తెర మీద బొమ్మలు వేసి ప్రాజెక్టు గురించి చెబుతారు. తరువాత మైకు జనం దగ్గరకు వస్తుంది. ఎవరైనా మాట్లాడవచ్చు. ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. ఇదంతా వీడియో తీయాలి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. సభ ముగిసే ముందు, అక్కడ ఎవరేమన్నారో రాసిన కాగితాన్ని అందరూ వినేలా చదవాలి. ఏ భాషలో? అక్కడి జనం భాషలో. చదివి వివరించాలి. ఆ తరువాతే అధికారి సంతకం పెట్టాలి. మళ్లీ చెబుతున్నాను: ముందు చదివి వినిపించాలి, తరువాతే సంతకం. తానన్న మాట ఆ కాగితంలో లేకపోతే, "అయ్యా, నేనన్నది రాయలేదు" అని అక్కడికక్కడే లేచి చెప్పే హక్కు ఏ రైతుకైనా ఉంది. ఆ కాగితం తరువాత పంచాయతీ ఆఫీసులో అంటించాలి, మండలి వెబ్‌సైటులో పెట్టాలి.

చాలా సభల్లో ఈ చివరి ఘట్టం హడావుడిగా జరిగిపోతుంది. భోజనాల వేళవుతుంది, దూరపు ఊళ్లవాళ్లు ఆటోలు ఎక్కేస్తారు, మైకు సర్దేస్తారు. ఆ కొద్ది నిమిషాలే సభ మొత్తానికి ప్రాణం. ఎందుకంటే నిర్ణయం జరిగేది ఢిల్లీలో. అక్కడి నిపుణుల కమిటీ ముందుకు మీరు వెళ్లరు, ఆ కాగితం వెళుతుంది.

ఇంకో మాట. పూర్తి నివేదిక వందల పేజీలుంటుంది. సాధారణంగా అది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. పెదకోట ఉన్న అనంతగిరి కొండల్లో చాలా ఇళ్లల్లో తెలుగు కూడా రెండో భాషే. ఇంట్లో కువి మాట్లాడతారు, ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. తన ఊరి గెడ్డ ఎండిపోతుందా లేదా అన్నది అలాంటి ఇంట్లోని ఒక అమ్మకు కావాలి. దాని జవాబు ఇంగ్లీషు నివేదికలో, ఏదో అనుబంధంలో, ఏదో పట్టికలో ఉంటుంది. కలెక్టరాఫీసులో పెట్టాం, వచ్చి చూసుకోవచ్చు అంటే నిబంధన పాటించినట్టే. ఆ అమ్మకు తెలిసినట్టు మాత్రం కాదు.

సరే, ఇంత పద్ధతి ఉంది కదా, ఇక లోటేమిటి? లోటు వరసలో ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్న దాంట్లో ఉంది.

అరుణాచల్ ప్రదేశ్ సంగతి చూడండి. అక్కడి ప్రభుత్వం 2005 తరువాత కొద్ది ఏళ్లలోనే నూటికి పైగా జలవిద్యుత్ ఒప్పందాలు చేసుకుంది. చాలా వాటికి కంపెనీల నుంచి ముందస్తు సొమ్ము తీసుకుంది. నది మీద అధ్యయనాలు పూర్తి కాలేదు, సభలు జరగలేదు. దిబాంగ్ అనే పెద్ద ప్రాజెక్టుకైతే 2008 జనవరిలో అప్పటి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పర్యావరణ అనుమతి వచ్చింది 2015లో. ఆ రెంటి మధ్యే ప్రజాభిప్రాయ సభలు పెట్టారు. అక్కడి ఇదు మిష్మీ తెగవాళ్లు నిరసన తెలిపితే సభలు పలుమార్లు వాయిదా పడ్డాయి. ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచి, పందిరి వేశాక అమ్మాయిని పిలిచి "నీకు ఇష్టమేనా?" అని అడిగితే ఎలా ఉంటుంది? ఆ అమ్మాయి ఏం చెప్పగలదు? శిలాఫలకం వేశాక పెట్టే సభ కూడా అంతే.

మన దగ్గరికే వద్దాం. పోలవరం. అది సాగునీటి ప్రాజెక్టే కాదు, 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కూడా అందులో భాగం. దానికి 2005 అక్టోబరు 10న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని అయిదు జిల్లాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అదే నెల 25న పర్యావరణ అనుమతి వచ్చేసింది. సభకీ అనుమతికీ మధ్య రెండు వారాలు. అయిదు జిల్లాల జనం చెప్పినదంతా ఆ రెండు వారాల్లోనే చదివారు, తూచారు, తేల్చారు అని మనం నమ్మాలి.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి. ఆ ముంపు ఒడిశాలోకీ ఛత్తీస్‌గఢ్‌లోకీ కూడా వెళుతుంది. అక్కడ మాత్రం సభ పెట్టలేదు. ఆ ఊళ్లలో ఉండేదీ మన కోయవాళ్లలాంటి గిరిజనులే. వాళ్లను ఎవరూ అడగలేదు. ఈ కారణంతోనే 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని కొట్టేసింది. తరువాత హైకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. పని సాగింది. పక్క రాష్ట్రాలతో వివాదం మాత్రం ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో నడుస్తూనే ఉంది.

సభలు పెట్టుకుంటూ కూర్చుంటే ప్రాజెక్టులు ఆలస్యమవుతాయి అంటారు. శ్రద్ధగా వినాల్సిన వాదనే ఇది. ఖర్చు పెరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది, చివరికి కరెంటు బిల్లు పెరుగుతుంది. నిజమే. కానీ పోలవరంలో ఒడిశాలోని మల్కన్‌గిరి గిరిజనుణ్ని అడగడానికి పట్టేది కొన్ని నెలలు. అడగకపోవడం వల్ల కోర్టుల్లో గడిచినవి ఏళ్లు. హిమాచల్‌ప్రదేశ్ కిన్నౌర్ జిల్లాలో కషంగ్ ప్రాజెక్టుదీ ఇదే కథ. లిప్పా అనే ఊరివాళ్లు తమ అడవి హక్కుల సంగతి తేల్చమని పోరాడారు. 2016లో హరిత ట్రిబ్యునల్, ముందు గ్రామసభల దగ్గరకు వెళ్లి రండి అని చెప్పింది. మొదట వెళ్లాల్సిన చోటికే చివర వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు సిక్కిం. ఇది కొంచెం నిదానంగా వినండి.

తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గర ఒక పెద్ద ప్రాజెక్టు ఉండేది. తీస్తా మూడు అంటారు. దానికి ప్రజాభిప్రాయ సభ 2006లో జరిగింది. 2017లో కరెంటు తీయడం మొదలైంది. 2023 అక్టోబరు మొదట్లో ఒక రాత్రి, పైన హిమానీనదం దగ్గరున్న సరస్సు గట్టు తెగింది. ఆ నీళ్లు వచ్చి డ్యామును కొట్టేశాయి. నిమిషాల్లో డ్యాము పోయింది. కింది ఊళ్లలో ఎందరో చనిపోయారు. సైనికులు కూడా కొట్టుకుపోయారు.

ఆ డ్యామును మళ్లీ కట్టాలని ప్రతిపాదన వచ్చింది. ఈసారి కాంక్రీటుతో, పాతదానికి దాదాపు రెట్టింపు ఎత్తున. 2025 జనవరిలో కేంద్ర నిపుణుల కమిటీ దానికి సిఫారసు చేసింది. కొత్తగా ప్రజాభిప్రాయ సభ అవసరం లేదంది. అంటే ఏమిటి? 2006లో ఆ జనం చెప్పిన మాటే ఇప్పటికీ చెల్లుతుందన్నమాట. ఆ మధ్యలో వరద వచ్చింది, ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. ఆ తరువాత వాళ్లకు ఏమనిపిస్తోందో వినాల్సిన పని లేదన్నారు. ఇది నాకు మింగుడు పడలేదు. ఇంజనీర్లు లెక్కలు వేసి కొత్త డ్యాము గట్టిదని చెప్పవచ్చు, చెప్పనివ్వండి. ఆ లెక్కను చుంగ్‌థాంగ్ జనం ముందు పెట్టి చెప్పడానికి అభ్యంతరం ఎందుకు?

ఇలాంటి ప్రాజెక్టుల నివేదికలో ఒక అధ్యయనం ఉంటుంది. డ్యాము తెగితే ఏమవుతుంది అన్న అధ్యయనం. నీళ్లు ఏ ఊరిదాకా వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి, ఎన్ని నిమిషాల్లో వస్తాయి అని లెక్కకట్టి చెబుతారు. శ్రోతలారా, ఒక డ్యాము కింద బతికే మనిషికి ఇంతకంటే ముఖ్యమైన కాగితం ఏముంటుంది? అది బడి గోడ మీద, పంచాయతీ గోడ మీద, జనం భాషలో, పెద్ద అక్షరాలతో ఉండాలి.

వేరే పద్ధతి సాధ్యమేనా అని అడగవచ్చు. అమెరికాలో ఒక పద్ధతి ఉంది. అక్కడ ప్రైవేటు జలవిద్యుత్ ప్రాజెక్టులకు ఫెడరల్ కమిషన్ లైసెన్సు ఇస్తుంది. 1920 నాటి చట్టం అది. లైసెన్సు శాశ్వతం కాదు, మహా అయితే 50 ఏళ్లు. గడువు తీరితే మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఆ దస్త్రంలో కంపెనీ పెట్టిన కాగితం, చేపలు పట్టేవాడు రాసిన ఉత్తరం, అక్కడి మూలవాసుల అభ్యంతరం, అన్నీ ఒకే చోట ఉంటాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది మీద ఎడ్వర్డ్స్ అనే పాత డ్యాము ఉండేది. 1837లో కట్టింది. 1997లో దానికి కమిషన్ లైసెన్సు నిరాకరించింది. వచ్చే కరెంటు కంటే నదికి, చేపలకు జరిగే నష్టం ఎక్కువని తేల్చింది. 1999లో దాన్ని తీసేశారు. ఆ దేశంలో అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. 2001 దాడుల తరువాత భద్రత పేరుతో అక్కడ కూడా డ్యాముల నక్షాలు కొన్ని జనానికి అందకుండా పెట్టారు. అందులో న్యాయం ఉంది కూడా. కానీ డ్యాము లోపలి నక్షా వేరు, కింది ఊరికి నీళ్లు ఎప్పుడొస్తాయన్న లెక్క వేరు. మొదటిది దాచవచ్చు. రెండోది దాచకూడదు.

మన దగ్గర దాపరికం ఎక్కడెక్కడ ఉందో చూడండి. గంగ, బ్రహ్మపుత్ర నదుల్లో నీళ్ల ప్రవాహం లెక్కలు రహస్యం. సరిహద్దు దాటే నదులు కాబట్టి అంటారు. అరుణాచల్‌లో ఒక కంపెనీ ఈ నదిలో ఇంత నీరుందని రాస్తే, అది నిజమో కాదో సరిచూసే దారి అక్కడివాళ్లకు లేదు. మన గోదావరికీ, నాగావళికీ, శారదకూ ఆ సాకు లేదు. అవి దేశ సరిహద్దు దాటవు.

మన రాష్ట్రంలోనే ఇంకో సంగతి జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టే పాత పద్ధతి ఆపేసింది. 2024 ఆగస్టులో అది మళ్లీ మొదలైంది. పంప్డ్ స్టోరేజీ విధానం వచ్చింది, కొండల్లో స్థలాల కేటాయింపులు జోరందుకున్నది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే. ఏ కొండను ఎవరికి ఇచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అని ఒక విలేకరి వెతికినా, ఒక రైతు వెతికినా, ఎప్పుడూ చూసే చోట ఆ కాగితం దొరకని రోజులవి. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇకమీదట అలా చేయకూడదు.

పెదకోట అన్నాను. అది అనంతగిరి మండలంలోనిది. ఈ మండలం పేరు దేశమంతా న్యాయశాస్త్రం చదివే పిల్లలకు తెలుసు. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు అది. అలాంటి గడ్డ మీద, ఆ తీర్పు పుట్టిన మండలంలోనే, కొండ కేటాయింపు సంగతి పేపర్లో చూసి తెలుసుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు చట్టంలో గట్టి చోటే ఉంది. 1996 పెసా చట్టం గ్రామసభతో సంప్రదించమంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద ఊరి హక్కును ఒప్పుకుంది. 2013 భూసేకరణ చట్టం గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంది. ముందస్తు అన్న మాటను పట్టుకోండి. కంపెనీ పేరు ప్రకటించాక, సర్వే రాళ్లు పాతాక, డ్రిల్లింగు యంత్రం ఊళ్లోకి వచ్చాక అడిగితే అది ముందస్తు కాదు. ముందు అడగాలి, తరువాత సంతకం పెట్టాలి.

ఇది గిరిజనుల గొడవే అనుకునేవాళ్లకు రైవాడ సంగతి చెబుతాను. రైవాడ జలాశయం శారదా నది మీద ఉంది. విశాఖ నగరంలో ఎన్నో ఇళ్లకు తాగునీరు అక్కడి నుంచే వస్తుంది. అనకాపల్లి జిల్లా పొలాలకు సాగునీరు అక్కడి నుంచే. ఆ రైవాడ దగ్గర కూడా ఒక పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన ఉంది. కాబట్టి విశాఖలో అపార్టుమెంటులో కుళాయి తిప్పే మనిషికి కూడా ఈ అనుమతి కాగితంతో పని ఉంది. మొదటిసారి జలాశయాలు నింపడానికి ఎంత నీరు తీస్తారు? ఏ నెలలో తీస్తారు? ఎండకు ఆవిరయ్యే నీటిని ఏటా ఎక్కడి నుంచి తెచ్చి పోస్తారు? వానలు లేని ఏడు ముందు ఎవరికి ఇస్తారు, పొలానికా, కుళాయికా, టర్బైనుకా? ఈ ప్రశ్నలకు జవాబులు ఒప్పందంలో ఉండాలి. ఆ ఒప్పందం మన చేతికి రావాలి.

అడిగే దారులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే పరివేశ్ అనే వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు కొడితే దరఖాస్తులు కనిపిస్తాయి. డిగ్రీ చదివే పిల్లలు ఊళ్లో ఉంటే, వాళ్లను కూర్చోబెట్టి మీ మండలం పేరుతో వెతికించండి. అక్కడ దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ చట్టంలో నాలుగో సెక్షన్ ఒకటుంది. జనానికి సంబంధించిన ముఖ్యమైన నిర్ణయాల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వమే బయట పెట్టాలని అది చెబుతుంది. మీ దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాయండి.

ప్రజాభిప్రాయ సభ పెడితే మాత్రం, చివరిదాకా ఉండండి. చదివి వినిపించేదాకా కదలకండి. ఆటో వెళ్లిపోతే ఇంకొకటి మాట్లాడుకుందాం. రాసి ఇచ్చిన అభ్యంతరానికి రసీదు అడిగి తీసుకోండి. సభ అయిన వారానికి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, ఆ కాగితం అంటించారో లేదో చూడండి. అంటించకపోతే కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.